కాళ్లున్నాయా, లేవా?

నన్ను ఇంటికి పిలిచినవాళ్లకు ఇబ్బంది తప్పదు. కుర్చీ చూపిస్తారు, కూర్చుంటాను. కాఫీ వచ్చేలోపు లేచిపోతాను. గోడకూ నేలకూ మధ్య సందు చూస్తాను. తలుపు చట్రం మీద వేలితో తట్టి, లోపల డొల్ల పడిందేమోనని వింటాను. సింకు కింద తొంగిచూస్తాను. మా చిన్నమ్మాయికి సంబంధం మాట్లాడడానికి పోయినప్పుడు, పెళ్లికొడుకు వాళ్ల వంటింటి గడపకు చెద పట్టిందని అందరి ముందూ చెప్పేశాను. అప్పటి నుంచి మా ఆవిడ శుభకార్యాల్లో నన్ను ముందు వరసలో కూర్చోనివ్వదు. సంబంధం మాత్రం కుదిరింది. ఆ గడప కూడా నేనే బాగుచేశాను.

నా పేరు దానియేలు. అందరూ దానేలన్న అంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఇళ్లలో పురుగులకు మందు కొట్టాను. ఆ మాట బస్సులో ఫోన్లో అంటే పక్కసీటు మనిషి నా నోటి వాసన కోసం ముక్కు ఎగబీల్చేవాడు. మార్కాపురంలో దుకాణం, కంభంలో ఒక గది, ఇటు గిద్దలూరు నుంచి అటు పుల్లలచెరువు దాకా ఇళ్లు. ఇదీ నా ఉద్యోగం. మోకాళ్లు మొరాయించడంతో పోయినేడు మానుకున్నాను.

దుకాణం పెట్టింది ఖాదర్ సాహెబ్. ఆయన కాలం చేశాక కూతురు రజియా నడుపుతోంది. ఆమె నన్ను మామా అంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వడానికి ఒక చిన్న పుస్తకం వేయిస్తానని, అందులో నన్ను రాయమని అడిగింది.

"సర్టిఫికెట్లు, సన్మానాలు వద్దు మామా. పని ఎట్ల ఉంటాదో రాయి. నువ్వు యాడ తప్పు చేసినావో గూడా రాయి" అంది.

తప్పు రాయమన్నది కాబట్టే ఇన్ని రోజులు పట్టింది. ఒక ఆడమనిషి కుడిచెయ్యి నా మాట వల్ల పాడైంది. ఆ సంగతి మా కంభం గదిలో అందరికీ తెలుసు. కానీ అందులో ఒక ముక్క నేను ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. పుస్తకంలో చదివి ఆమె తెలుసుకోకూడదు. ఇది అచ్చుకు పోయేలోపు నేనే చెప్పాలి. అందుకే ఈ నెలంతా రాయడం తక్కువ, వరండాలో తిరగడం ఎక్కువ అయింది.

మిషన్ బయట పెట్టు

నేను పుట్టింది పుల్లలచెరువు వైపు ఒక పల్లెలో. మా నాయన, అమ్మ కూలికి పోయేవాళ్లు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ఎవరి చేలో పని ఉంటే ఆ చేలో. మిరపచేలకు మందు కొట్టే పనిలో నాకు స్ప్రేయర్ మోయడం అలవాటైంది. ఆ అనుభవం చూసే ఖాదర్ సాహెబ్ నన్ను పెట్టుకున్నాడు. ఇంటికి కూడా చేనులాగే కొట్టొచ్చు అనుకున్నాను. మొదటి రోజే ఆయన ఆ భ్రమ వదిలించాడు.

మార్కాపురంలో ఒక ఇంట్లో చీమలని పిలిచారు. నేను మిషన్ భుజానికి తగిలించుకుని లోపలికి పోతుంటే వెనక నుంచి బెల్టు పట్టుకుని ఆపాడు.

"అరే, మిషన్ బయట పెట్టు. ముందు ఇల్లు చూడు."

"చీమలంట సాహెబ్. వంటింట్లో ఉండాయంట."

"చీమలు వాళ్లు చూసినారు. వాళ్లు చూడంది చూసేదానికి గదా మనల్ని పిలిచింది? దేనికి పిలిచినారో దాన్ని ఎవరైనా చంపుతారు. దేనికి పిలవలేదో దాన్ని చూసి నోరు విప్పి చెప్పు."

ఆ ఇంట్లో అటక మీద పాత పేపర్ల కట్టలకు చెద పట్టి ఉంది. ఇంటివాళ్లకు తెలియదు. సాహెబ్ వాళ్లను నిచ్చెన ఎక్కించి మరీ చూపించాడు. చెదకు మందు కొట్టించుకోండని మాత్రం అడగలేదు. "చూసింది చెప్పినాం. మిగతాది వాళ్లిష్టం" అని వచ్చేశాడు.

కొత్తగా వచ్చినవాళ్లకు నా ఉచిత సలహా ఒకటి. జనానికి వాసన కావాలి. ముక్కు మండితేనే మందు పనిచేసిందనుకుంటారు. వాసన లేని జెల్ చుక్కలు పెట్టి వస్తే "ఏం చేసిపోయినాడు, గోడకు చుక్కలు పెట్టి పోయినాడు" అంటారు. వాళ్ల మెప్పు కోసం అవసరం లేని చోట ఘాటు మందు కొట్టే వాళ్లను చాలామందిని చూశాను. పసిపిల్లలు పాకే నేల మీద అట్లా కొట్టేవాడు పనివాడు కాదు. నేనూ మొదటి రెండేళ్లు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

చెరువు కింద కాలనీ

మన వైపు అంతా కరువు నేల, ఇక్కడ తేమ పురుగులు ఎందుకుంటాయి అని బయటివాళ్లు అడుగుతారు. కంభం చెరువు కిందకు వచ్చి చూడమనండి. ఒకప్పటి వరిమళ్లలో ప్లాట్లు వేసి కాలనీ కట్టారు. పైన టైల్స్, కింద బురద. వానాకాలం మొదలైతే గోడలు మోకాలి ఎత్తు దాకా చెమ్మ పీలుస్తాయి. బీరువా వెనక బూజు, పరుపు కింద బూజు. మనుషులు ఇల్లు కట్టుకున్నారని పురుగులకు ఎవరూ చెప్పలేదు, అవి పాత చోట్లోనే ఉన్నాయి.

తొలకరికి ఉసిళ్లు. ముసురు పట్టినప్పుడు జెర్రులు, బాత్రూం జాలీలోంచి. కోతల తర్వాత ఎలుకలు. చేలల్లో గింజ అయిపోగానే ఇళ్లలోకి వస్తాయి, బొరియల్లో నీళ్లు చేరితే ముసురులోనూ వస్తాయి. బొద్దింకలు మాత్రం పన్నెండు నెలలూ ఉంటాయి. ఈ వరస బట్టీపట్టేది కాదు. ఒక ఏడాది ఒకే వీధిలో తిరిగితే కాళ్లకే తెలిసిపోతుంది.

ఉసిళ్ల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. గిద్దలూరులో ఒక ఇంట్లో తొలి వాన పడిన సాయంత్రం కిటికీ చట్రంలోంచి రెక్కల ఉసిళ్లు లేచాయి. ఇంటి లోపల నుంచి లేచాయంటే గోడలో చెద ఉన్నట్టు. నేను చట్రానికి మందు కొట్టి, ఎవరూ ఆ గదిలోకి పోవద్దని కోడలికి చెప్పి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ ఇంటి పెద్దామె లైటు కింద బేసిన్‌లో నీళ్లు పెట్టి, పడిన ఉసిళ్లను దోసిళ్లతో ఎత్తుతోంది. బొరుగుల్లో వేయించుకోవడానికి. నేను ఒక్క ఉరుకు ఉరికి బేసిన్ లాక్కుని పెరట్లో బోర్లించాను.

"ఏందిరా నీ దౌర్జన్యం! ఏడాదికొక పారి దొరికే తిండి" అని ఆమె మీదికి వచ్చింది.

"వాటికి మందు కొట్టినా పెద్దమ్మా! తింటే పోతావు."

"కొట్టినావని నాకెవరు సెప్పినారు?"

"కోడలికి సెప్పినా గదా."

"కోడలికి సెప్తే నాకు సెప్పినట్టేనా? ఈ ఇంట్లో ఆమె నాకు ఏదన్నా సెప్తాదనుకున్నావా?"

కోడలు తలుపు చాటున నవ్వుతోంది. ఆ రోజు నుంచి నేను ఏ ఇంట్లోనైనా అందరినీ ఒకచోట నిలబెట్టి, ముసలివాళ్లను ముందు పెట్టి చెప్పేవాణ్ణి. మందు కన్నా మాట జాగ్రత్త అని అప్పుడు నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదని తర్వాత తెలిసింది.

పురుగు కనపడిందన్నా

చెరువు కింద కాలనీలో రమణమ్మ ఇల్లు నాకు బాగా తెలిసిన ఇల్లు. ఆమె బట్టలు కుట్టేది. జాకెట్లకు కంభంలో మంచి పేరు, పెళ్లిళ్ల రోజుల్లో ముందు గదిలో గుడ్డలు గుట్టలుగా పడి ఉండేవి. భర్త రైల్వే పట్టాల పని మీద ఎక్కువ రోజులు బయట ఉండేవాడు. ఏడేళ్ల పాప. ఏడాదికి మూడు సార్లు బొద్దింకలకు మందు పెట్టేటట్టు మాతో కాంట్రాక్టు.

ఎనిమిదేళ్ల కిందట ముసురు పట్టిన వారంలో ఆ ఇంటికి పోయి వంటింట్లో జెల్ పెట్టి వచ్చాను. సరిగ్గా వారం తర్వాత, దీపాలు పెట్టే వేళ ఆమె ఫోన్ చేసింది. నేను అప్పుడే ఇంటికి వచ్చి, తడిసిన బూట్లు విప్పుతున్నాను.

"దానేలన్నా, ఇంట్లో పురుగు కనపడిందన్నా."

నాకు చురుక్కుమంది. మందు పెట్టి వారమే అయింది. అప్పుడే ఫిర్యాదా అనుకున్నాను.

"యాడమ్మా?"

"వంటింట్ల. గోడవారన పోయి సిలిండరు ఎనక దూరింది. పెద్దదన్నా."

"పెద్దవే ముందు బయటపడతాయమ్మా. మందు తిన్నది ఒక సోట నిలవదు, తిరుగుతాది. దాన్ని కదపొద్దు. ఆ మూల ఊడవొద్దు, నీళ్లు పొయ్యొద్దు."

"పొద్దుటికి సస్తాదా అన్నా?"

"సస్తాది. సావకున్నా ఏం సేయదు. పొద్దున నేనొచ్చి సూస్తా."

"పాప బయపడుతుందన్నా."

"పురుగుకు బయమేందమ్మా" అని నవ్వాను.

ఫోన్ పెట్టేసి బూట్లు ఆరబెట్టుకున్నాను. మన వైపు పుట్టినవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. దీపాలు పెట్టాక మన ఇళ్లలో పాము పేరు ఎత్తరు. పేరు ఎత్తితే వస్తుందని భయం. పురుగు అంటారు. కరిచినా పురుగు ముట్టింది అంటారు. మా ఇంట్లోనూ అంతే. మేము క్రైస్తవులమే, మా అమ్మ దీపం పెట్టగానే ప్రార్థన చేసుకునేది, అయినా ఆ మాట మాత్రం నోట రానిచ్చేది కాదు. ఆ ఇంట్లో పెరిగిన నాకు, ఆ సాయంత్రం పురుగంటే బొద్దింక ఒక్కటే తట్టింది. ఇరవై ఏళ్లకు పైగా రోజూ ఆ మాటను దుకాణం అర్థంలో వాడి వాడి, అమ్మ నేర్పిన అర్థం నాలో చచ్చిపోయింది.

రమణమ్మ నేను అర్థం చేసుకున్నాననే అనుకుంది. పురుగుల పని తెలిసిన మనిషి చెప్పాడు కదా, వారం కింద పెట్టిన మందు దీనికీ పనిచేస్తుందని నమ్మింది. వంటింటి తలుపు వేసి, సందులో చీర కుక్కి, పాపను ముందు గదిలో పడుకోబెట్టుకుంది. తెల్లవారి తలుపు తీసి చూసింది. ఏమీ కనిపించలేదు. నేను కదపొద్దన్నాను కాబట్టి చీపురుతో ఆ మూల తట్టలేదు. పాపకు పాలు కాచాలని, గ్యాస్ తిప్పడానికి సిలిండర్ వెనక్కి చెయ్యి పెట్టింది.

తొమ్మిదింటికి నేను జెల్ పెట్టె పట్టుకుని పోయేసరికి ఇంటికి తాళం ఉంది. వీధిలో పదిమంది నిలబడి ఉన్నారు. కాలువ పక్కన కర్రతో కొట్టి చంపిన రక్తపింజరి పడి ఉంది. పక్కింటామె నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"కదపొద్దని సెప్పింది నువ్వేనంట గదన్నా?" అంది. తిట్టినట్టు కూడా అనలేదు, నిజమా కాదా అని అడిగినట్టు అంది.

మా అమ్మ అడిగిన మాట

కంభంలో ఇంజెక్షన్లు వేసి, పెద్దాసుపత్రికి పంపారు. నేను ఫోన్ చేసి చెప్పగానే ఖాదర్ సాహెబ్ కారు తీసుకుని వచ్చాడు. దారిలో నేను "నా తప్పు లేదేమో సాహెబ్, ఆమె పురుగనింది" అన్నాను. ఆయన గేరు మార్చాడు.

"తప్పు నీది. దుకాణం నాది. ఇద్దరం పోతున్నాం" అన్నాడు.

రమణమ్మ బతికింది. చెయ్యి మోచేతి దాకా నల్లగా వాచింది. కొన్ని వారాలకు కుడిచేతి చూపుడువేలు తీసేశారు. బొటనవేలు నిలిచింది కానీ వంగదు. కత్తెర పట్టే వేళ్లు అవే. ఆమెకు స్పృహ సరిగ్గా వచ్చిన రోజు నేను మంచం పక్కన నిలబడ్డాను.

"పురుగని సెప్పినా గదన్నా" అంది.

"సెప్పినావమ్మా."

"కదపొద్దంటివి. కదపలేదు."

 నన్ను తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. అప్పటికి ఆమెకు చూపు సరిగ్గా లేదు, నులక మంచం మీదే ఉండేది. అంతా విని, నా చెయ్యి దొరకబుచ్చుకుంది.

"దీపాలు పెట్టినాక ఆడమనిషి పురుగంటే ఏందిరా? నువ్వు ఈ కడుపున పుట్టినోడివేనా?"

"పనిలో పడి మరిసిపోయినమ్మా."

"మీ నాయన ఎట్ల అడిగేవాడో మతికి లేదా? సీకటి పడినాక నేను పురుగంటే పేరు అడిగేవాడు కాదు. కాళ్లుండాయా లేవా అని అడిగేవాడు. లేవంటే కర్ర తీసుకొని లేసేవాడు."

అమ్మ చెప్పగానే నాయన గొంతు వినిపించింది. గుడిసె ముందు నిలబడి, "కాళ్లుండాయా, లేవా?" అని అడగడం. ఎవరూ ఆ పేరు పలకక్కర్లేదు, భయం కూడా పోనక్కర్లేదు. ఒక్క ప్రశ్న చాలు. అది నా దగ్గరే ఉన్నా, నేను వాడలేదు.

ఈ కథ తర్వాత నేను చాలామందికి చెప్పాను. విన్న ప్రతివాళ్లూ "మాట తేడా వచ్చింది, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని నన్నే ఓదార్చారు. ఆ ఓదార్పు నాకు అలవాటైంది. నిజం చెప్పాలంటే దాని వెనక దాక్కున్నాను. మాట తేడా నిజమే, కానీ అది సగమే.

మిగతా సగం ఇది. ఫోన్ రావడానికి వారం ముందు జెల్ పెట్టడానికి పోయినప్పుడు, నేను సిలిండర్ వెనక టార్చి వేసి చూశాను. అక్కడ ఎలుక పెంటికలు ఉన్నాయి, కొత్తవి. గోడ మూల గ్యాస్ పైపు పోయే కన్నం వెడల్పుగా ఉంది. చెరువు కింద, ముసురు రోజుల్లో ఎలుక తిరిగే కన్నంలోకి దాని వెనక ఏం వస్తుందో నాకు తెలియనిది కాదు. ఆ రోజు ఇంకా నాలుగు ఇళ్లు మిగిలి ఉన్నాయి. వీళ్ల కాంట్రాక్టు బొద్దింకలకే కదా, ఎలుకల మాట ఎత్తితే కన్నం పూడ్చడం, బోను పెట్టడం, గంట పని. మళ్లీసారి చెబుదాంలే అనుకున్నాను. రమణమ్మ ముందు గదిలో మిషన్ కుడుతూనే "అయిపోయిందా అన్నా?" అని అడిగింది. అయిపోయిందమ్మా అని చెప్పి వచ్చేశాను.

దేనికి పిలవలేదో దాన్ని చూసి చెప్పు అని మొదటి రోజు నా బెల్టు పట్టుకుని సాహెబ్ చెప్పాడు. ఇన్నేళ్లూ కొత్తవాళ్లకు నేను చెబుతూ వచ్చిన మాట కూడా అదే. సాహెబ్ బతికున్నప్పుడు ఆయనకూ చెప్పలేదు. అందుకే నాకు ఎక్కడా కుదురు లేదు.

ఫోను దగ్గర మనిషి

రమణమ్మ చెయ్యి మానాక ఖాదర్ సాహెబ్ ఆమె ఇంటికి పోయాడు. కంభం గదిలో ఫోన్ ఎత్తే పని ఉంది, చేస్తావా అని అడిగాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు. రెండు నెలల తర్వాత తనే వచ్చింది. కుట్టుమిషన్ అమ్మేసిన మరుసటి రోజు అది.

మొదట్లో నాతో పని మాటలు తప్ప మాట్లాడేది కాదు. ఫలానా వీధి, ఫలానా ఇల్లు, చెదలు, అంతే. నేను ఆమె బల్ల ముందు నుంచి పోవడానికి కూడా వెనకాడేవాణ్ణి. ఒకరోజు ధైర్యం చేసి, మా నాయన అడిగే మాట చెప్పాను. సాయంత్రం పూట ఎవరైనా పురుగంటే ఇట్లా అడగమ్మా అన్నాను. ఆమె కాగితం మీద ఎడమచేత్తో వంకరగా రాసుకుని, ఫోన్ పైన గోడకు అంటించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు లేవు అని జవాబు వచ్చిన ఫోన్లు చాలానే ఉన్నాయి. ఆ పని మాది కాదు. ఫారెస్టులో వాచరుగా చేసి మానుకున్న ఒకాయన పాములు పడతాడు. ఆయన నంబరు రమణమ్మకు నోటికి వచ్చు. మెల్లగా మా మాటలూ పెరిగాయి. ఆమె పాప పరీక్షలు, మా ఆవిడ మోకాళ్లు, అన్నీ మాట్లాడుకుంటాం. అది పెరిగేకొద్దీ నాకు ఆ మిగతా సగం చెప్పడం మరింత కష్టమైంది.

ఇప్పుడు రజియా ఫోన్లో యాప్ పెట్టింది. తెర మీద బొమ్మలు వస్తాయి. బొద్దింక, చెద, ఎలుక, దోమ, నల్లి. ఏ బొమ్మ మీద వేలు పెడితే ఆ మనిషి ఇంటికి వస్తాడు. చూపించి, ఎట్లుంది మామా అంది.

"బాగుంది. కాళ్లున్నాయా అనే మాట యాడుంది?"

"అది రాస్తే జనం నవ్వుతారు మామా. కావాలంటే పాము బొమ్మ పెట్టిస్తా. అయినా పాములు మన పని కాదు గదా."

"మన పని కాదని తెలిసేదానికైనా అది ఏందో ముందు తెలియాలి గదమ్మా. పాము బొమ్మ పెట్టినా దీపాల వేళ దాని మీద వేలు పెట్టే ఆడమనిషి మన వైపు లేదు. నవ్వితే నవ్వనీ, రాయి."

రాయిస్తానంది. కొత్తగా చేరినవాళ్లు నవ్వకుండా అడగడం నేర్చుకోవాలని కూడా చెప్పాను. నవ్వుతూ అడిగితే అవతలి మనిషి నిజం చెప్పదు.

సిలిండర్ వెనక

పోయిన వారం, ఇక్కడిదాకా రాసిన కాగితాలు సంచిలో పెట్టుకుని కంభం గదికి పోయాను. మూడు రోజుల నుంచి ముసురు. సాయంత్రం అయింది, గదిలో రమణమ్మ ఒక్కతే ఉంది. నేను కూర్చున్నాను. లేచాను. కిటికీ చట్రం తట్టి చూశాను.

"ఆ కిటికీని పొద్దున్నే మన పిల్లోడొకడు తట్టినాడులే అన్నా. కూసో" అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"రమణమ్మా, నీకు పురుగు ముట్టిన వారం ముందు మీ ఇంటికొచ్చినా గదా. ఆ రోజు సిలిండరు ఎనక ఎలుక పెంటికలు సూసినా. కన్నం గూడా సూసినా. నీకు సెప్పలేదు. ఇంకా నాలుగిళ్లు ఉండాయని, మల్లా సెబుదాంలే అనుకున్నా. మాట తేడా ఒక్కటే కాదమ్మా. నేను సూసి గూడా సెప్పలేదు."

ఆమె నా వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది.

"అయిపోయిందా అన్నా అని అడిగినా ఆ రోజు" అంది.

"అడిగినావమ్మా."

"అయిపోయిందంటివి."

"అన్నాను."

  ఆమె ఏడుస్తుందో, లేచి వెళ్లిపోతుందో, నన్ను పొమ్మంటుందో, ఏదైనా సరే, ఏదో ఒకటి అయితే చాలనిపించింది. అప్పుడే ఫోన్ మోగింది. రెండుసార్లు మోగనిచ్చి ఎత్తింది. అవతలి గొంతు నాకూ వినిపించేంత గట్టిగా ఉంది.

"అక్కా, ఇంట్లో పురుగు దూరిందక్కా."

"యాడమ్మా?"

"బియ్యం డబ్బాల ఎనక."

రమణమ్మ గోడ మీద కాగితం వైపు చూడలేదు. ఆమెకు అక్కర్లేదు.

"కాళ్లుండాయా అమ్మా, లేవా?"

అవతల మాట ఆగిపోయింది. ఎవరో పిల్లవాడు ఏడవడం వినిపించింది. ఆ ఆగడం ఎంతసేపుంటే జవాబు అంత ఖాయమని మాకిద్దరికీ తెలుసు.

"లేవక్కా" అంది ఆమె, చాలా చిన్నగా.

"సరే. బయపడొద్దు. పిల్లోణ్ణి ఎత్తుకో. ఆ గది తలుపు దగ్గరికేసి సందులో గుడ్డ కుక్కు. అందరూ బయటికి రాండి. కొట్టబోవద్దు, తలుపు మల్లా తియ్యొద్దు. మనిషి వస్తాడు, పట్టుకొని పోతాడు. ఆయన సెప్పిందాకా లోపల ఎవరూ కాలు పెట్టొద్దు. వీధి పేరు సెప్పు."

చెప్పింది. రమణమ్మ అది పైకి పలుకుతూ, ఎడమచేత్తో కలం తీసి నా వైపు తోసింది. నేను కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఒక కాగితం లాగి, దాని వెనక వీధి పేరు, ఇంటి గుర్తు రాసుకున్నాను. అది ఈ పుస్తకానికి రాసిన కాగితమే. తర్వాత ఆమె పాములు పట్టే ఆయనకు ఫోన్ చేసింది. ముప్పావు గంటకు ఆయన తిరిగి ఫోన్ చేశాడు, పట్టుకున్నానని, ఎవరికీ ఏమీ కాలేదని. అంతసేపూ నేను కూర్చునే ఉన్నాను. ఒక చోట అంతసేపు కూర్చోవడం ఈ మధ్య అదే మొదలు.

ఆమె గొడుగు తీసుకుని, దీపం ఆర్పబోతూ ఆగింది.

"ఆ అడ్రసు ఉంది గదా నీ దగ్గర. రేపు పొద్దున పో" అంది.

"పోతాను. ఏం పనమ్మా?"

"బియ్యం డబ్బాల ఎనక టార్చి ఏసి సూడు. పెంటికలుంటాయి, కన్నముంటాది" అంది. తర్వాత ఆ సాయంత్రం మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది. "సూసింది సెప్పు."